పోర్సిలేన్ పలకల పని: పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

పాఠశాలల మరుగుదొడ్లకును, అంగన్‌వాడీ వంటగదులకును, పంచాయతీ కార్యాలయములకును పోర్సిలేన్ పలకలు పరచుట నేడు గ్రామములందు పరిపాటి అయినది. ఇట్టి నేల కడిగినంతనే శుభ్రపడును. గోడలపై మరకలు నిలువవు. అయితే పని ముగిసిన కొలది కాలమునకే గోడపలకలు ఊడిపడుటయు, నేలపలకలు ఉబ్బి పైకి లేచుటయు కొన్నిచోట్ల కానవచ్చుచున్నది. విరిగిన పలక అంచు కత్తివలె పదునుగా నుండును. ఆ గదులలో మసలువారు పసిపిల్లలు. వెచ్చించిన సొమ్ము ఊరందరిది. కావున పలక రంగును ఎంచుటయందు చూపు శ్రద్ధకన్న, పలక వెనుక జరుగు పనియందు సభ్యులు ఎక్కువ శ్రద్ధ వహింపవలెను.

పలక స్వభావము

మెత్తగా నూరిన బంకమన్ను, ఫెల్డ్‌స్పార్, పలుగురాతి పొడి కలిపి, యంత్రముతో అదిమి, సుమారు 1200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చగా పోర్సిలేన్ పలక తయారగును. ఆ వేడికి ఫెల్డ్‌స్పార్ కరగి లోపలి సూక్ష్మరంధ్రములను పూడ్చివేయును. అందుచే ఈ పలక తన బరువులో నూటికి 0.5 వంతుకు మించి నీటిని పీల్చుకొనదు. గోడలకు వాడు సాధారణ పింగాణీ పలక నూటికి 10 వంతులకు మించి పీల్చుకొనును. అంగడిలో విట్రిఫైడు పలకలని పిలువబడునవియు నీటిని పీల్చనివే.

సాధారణ పలకను నీట నానవేసి సిమెంటుతో అతికించుట మన మేస్త్రీలకు అలవాటైన పద్ధతి. సిమెంటుపాలు పలక వెనుకనున్న రంధ్రములలోనికి చొచ్చి గట్టిపడుటచే అది నిలుచును. పోర్సిలేన్ పలకలో సిమెంటుపాలు చొచ్చుటకు తగిన రంధ్రములు లేనందున ఆ పట్టు చాలదు. నానవేసినను ప్రయోజనము లేదు. పలకను బోర్లించి వెనుక నాలుగు నీటిచుక్కలు వేసినచో భేదము తెలియును. చుక్కలు ఇంకిపోయినచో అది సాధారణ పలక. అట్లే నిలిచినచో పోర్సిలేన్ జాతి పలక. దీనికి పాలిమరు చేర్చిన సిమెంటు జిగురు వాడవలెను. సంచిపై భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 15477 ముద్ర కలదేమో చూచుకొనవలెను.

పని జరుగు విధము

మొదట గోడపూత బాగుగా ఆరి గట్టిపడవలెను. సున్నము, రంగు, దుమ్ము, నూనె జిడ్డు గీకి తుడిచివేయవలెను. నేలను మట్టము కట్టవలెను. మరుగుదొడ్డి నేలకు మాత్రము నీరు నిలువకుండ తూమువైపు మీటరుకు 1 లేక 2 సెంటీమీటర్ల వాలు ఉంచవలెను.

జిగురును సంచిపై వ్రాసిన కొలతనుబట్టి నీటితో కలిపి, పండ్లు గల తాపీతో చాళ్లు తీర్చినట్లు పరచవలెను. పెద్ద పలకలకు వెనుకవైపునను పలుచగా పూయవలెను. ఐదు ముద్దలు పెట్టి పలకను అదుముట తగదు. ముద్దల నడుమ బోలు మిగిలి, బరువు పడినచోట పలక పగులును. అప్పుడప్పుడు అతికించిన వెంటనే ఒక పలకను లేపి, వెనుక అంతటను జిగురు అంటినదో లేదో చూచుట మంచిది.

పలకల నడుమ 2 లేక 3 మిల్లీమీటర్ల సందును, గోడ మొదట 5 మిల్లీమీటర్ల సందును విడువవలెను. పలకలు వేసవి వేడికి వ్యాకోచించును. సందు లేనిచో ఒకదానినొకటి త్రోసికొని పైకి లేచును. ఒక దినము గడచిన పిమ్మట సందులను పూడ్చవలెను. గోడమొదటి సందును మాత్రము సిమెంటుతో బిగింపక, అంచుపట్టీతో కప్పవలెను.

నీరు పడు నేలకు గరుకు పలకలే తగినవి. మెరుగు పలకలు గోడలకే ఉంచవలెను. పలకలను పొడిగా కోయునపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. కావున నీరు పోయుచు కోయవలెను. కూలివారు ముక్కునకు తగిన మాస్కు ధరింపవలెను.

లెక్కయు, తనిఖీయు

3.6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పుగల గదికి 60 సెంటీమీటర్ల చదరపు పలకలు 30 పట్టును. తరుగునకు పదవవంతు చేర్చి 33 కొనవలెను. మిగిలినవానిని మరమ్మతుకై కార్యాలయమున భద్రపరుపవలెను. తరువాత అదే రంగు దొరకుట కష్టము.

బిల్లు ఆమోదించుటకు ముందు సభ్యులు స్వయముగా పోయి, ప్రతి పలకను నాణెముతో తట్టి చూడవలెను. గట్టి ధ్వని వచ్చినచో పని బాగున్నది. డొల్లధ్వని వచ్చిన పలకలను గుర్తుపెట్టి తిరిగి వేయింపవలెను. నేలపై ఒక బిందెడు నీరు పోసి, అది తూమునకు చేరుచున్నదో లేదో చూడవలెను. శుభ్రపరచుటకు ఆమ్లము వాడనీయరాదు. అది సందులలోని సిమెంటును తినివేయును.

ఈ తనిఖీకి పట్టునది ఒక గంట. దీనిని ఉపేక్షించినచో అదే గదికి గ్రామనిధి రెండవమారు ఖర్చగును.