కొచ్చి యూదుల నాలుగువందలయేండ్ల పండుగ

తపాలబిళ్లలు కూర్చు అలవాటు మీ పిల్లలకున్నచో, 1968వ సంవత్సరపు బిళ్లలలో నొకదానిని వెదకి చూడుడు. కొచ్చి యూదుల ప్రార్థనమందిరము అందు ముద్రింపబడియున్నది. మందిరము కట్టి నాలుగువందల యేండ్లు నిండెనని ఆ డిసెంబరు మాసమున మట్టాంచేరిలో నుత్సవము జరిగెను. నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ స్వయముగా విచ్చేసిరి.

అన్యదేశములనుండి వచ్చినవారగుటచే ఈ సంఘమువారికి పరదేశి యూదులని పేరు. 1568లో వీరి మందిరమునకు స్థలమిచ్చినవారు కొచ్చి రాజులు. అదియు దూరముగా గాదు, తమ కోట ప్రక్కనే. 1662లో బుడతకీచులు దానిని పాడుచేయగా, డచ్చివారు వచ్చిన వెనుక మరల నిలిపిరి. లోనికి పోవువారు మన గుడులలోవలెనే చెప్పులు విడువవలెను. నేలనిండ చీనానుండి తెచ్చిన నీలిపూల పింగాణి పలకలు. ఇతరదేశపు యూదుల మందిరములలో ధర్మగ్రంథము చదువు వేదిక యొక్కటియే యుండును. కొచ్చివారు మేడమీద, స్త్రీలు కూర్చుండు చోటికెదుట, రెండవదానిని గూడ కట్టుకొనిరి. చదువు అధికారము మాత్రము పురుషులదే. స్త్రీలకు దగ్గరనుండి వినుభాగ్యము దక్కినది.

మంచిమాటలే చెప్పి యూరకుండుట మాకిష్టము లేదు. దాస్యవిముక్తుల సంతతివారిని ఈ సంఘము చిరకాలము సమానులుగా నెంచలేదు. మందిరమున బల్లలపై కూర్చుండనీయలేదు. వారిలో పుట్టిన న్యాయవాది ఏ. బి. సేలంగారు గాంధీజీ త్రోవలో సత్యాగ్రహము సల్పి ఆ కట్టుబాట్లను సడలించిరి. 1967లోనే కాలధర్మము నొందుటచే ఆయన యీ యుత్సవమును చూడలేదు.

ఉత్సవమునాటికే సంఘము సన్నగిల్లియుండెను. 1948లో ఇజ్రాయేలు ఏర్పడిన పిమ్మట కేరళ యూదులలో పెక్కుమంది అచ్చటికి వలసపోయిరి. వయస్సువచ్చిన పురుషులు పదుగురు చేరినగాని వారికి సామూహిక ప్రార్థన జరుగదు. మందిరమునకు 450 యేండ్లు నిండిన 2018 నాటికి మట్టాంచేరిలో మిగిలినవారు వ్రేళ్లపై నెన్నదగినంతమందియే.

పాటకు మాత్రము అట్టి లెక్క లేదు. కొచ్చి యూదస్త్రీలు పెండ్లిండ్లకును పండుగలకును మలయాళమున పాటలు పాడెడివారు. మన యిండ్లలో మంగళహారతుల పుస్తకములవలెనే, ఆ పాటలను చేత నెత్తివ్రాసికొని నోటుపుస్తకములలో దాచుకొనెడివారు. వలసపోవునపుడు ఆ పుస్తకములును వారివెంట పోయెను. అచ్చటి పిల్లలు హీబ్రూ మాటలాడ మొదలిడుటచే కొంతకాలము పాటలు మూలబడెను. తరువాత పండితులు ప్రతులు సేకరింపగా, ముదుసలి స్త్రీలు మరల గొంతు సవరించుకొనిరి. ఆ పాటల ధ్వనిముద్రిక 2004లో యెరూషలేమున వెలువడెను.