రెండు పొరల సరిహద్దు

మా చోడవరపుఁ జెఱకు మళ్లలో గట్టు తెగినచోట ఎగువమడి నీరు దిగువమడికిఁ దనంతటఁ బాఱును. కర్బన పదార్థములతోఁ జేసిన అర్ధవాహకపుఁ బొరలయందును ఇట్టి మట్టపు భేదమే పని చేయుచున్నది.

పొరపై వెలుఁగు పడినపుడు ఎలక్ట్రాను తన స్థానమును వీడును. ఆ ఖాళీ ధనావేశమువలె వర్తించును. అయినను ఈ రెండును విడివడక జంటగానే తిరుగును. మీటరులో వందకోట్లవ పాలు నానోమీటరు; అట్టివి సుమారు 10 దాఁటులోపలనే జంట నశించును, వెలుఁగు వృథయగును.

1986లో అమెరికాయందలి కొడాక్ పరిశోధనాలయమున చింగ్ టాంగ్ అను శాస్త్రజ్ఞుఁడు రాగి థాలోసయనిను పొరపై పెరిలీను జాతి పదార్థపుఁ బొరను జేర్చెను. రెంటి శక్తిమట్టములు వేఱగుటచే, సరిహద్దు జేరిన జంటలోని ఎలక్ట్రాను దిగువమట్టపుఁ బొరలోనికిఁ బోయెను. ఖాళీ తొలిపొరలోనే నిలిచెను. సూర్యకాంతిలో నూటికి ఇంచుమించు ఒక పాలే విద్యుత్తయ్యెను గాని, మార్గము దొరకెను.

1987లో టాంగ్, వాన్ స్లైక్ అనువారు ఈ క్రియనే తిరుగవేసిరి. ఇరువైపులనుండి పంపిన ఆవేశములు సరిహద్దుకడఁ గలిసి వెలుఁగు నిచ్చెను. నేఁటి చేతిఫోనుల తెరలు పెక్కు ఈ తత్త్వముననే వెలుఁగుచున్నవి.

కావున పొరల గుణము నెఱిఁగినఁ జాలదు. అవి కలియు సన్నని యెల్లను గూడ నెఱుఁగవలెనని నా మనవి.