ముక్కు వంకర ఎన్ని మిల్లీమీటర్లు?

గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ అయ్యాక చూడొచ్చిన చుట్టాలు "అబ్బ, అసలు తెలియడమే లేదు!" అంటారు. ఎదురుగా తీసిన ఫొటోలో నిజంగానే అంతగా తెలియదు. అదే బిడ్డను పదేళ్లప్పుడు పక్కనుంచి చూస్తే కొందరిలో ముక్కు కింది భాగం లోపలికి పోయి, కింది దవడ ముందుకొచ్చినట్టు ఉంటుంది. ఇది చీలిక చేసిన పనా, సర్జన్ కత్తి చేసిన పనా? చూసి చెప్పే సంగతి కాదు, కొలిచి తేల్చాల్సిందే.

మన దగ్గర ఈ పిల్లలు తక్కువేం కాదు. హైదరాబాద్‌లోని జీఎస్ఆర్ ఇన్‌స్టిట్యూట్ వైద్యులు కృష్ణా, కడప, మెదక్ జిల్లాలను ఎంచుకుని చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ప్రతి వెయ్యి సజీవ జననాలకు 1.09 మంది చీలికతో పుడుతున్నారని అందులో తేలింది. వాళ్లలో 65 శాతం మగపిల్లలు. పెదవి ఒకవైపే చీలినవాళ్లలో 64 శాతం మందికి ఎడమవైపే. దగ్గరి సంబంధాలు చేసుకున్న దంపతుల పిల్లల్లో ఎక్కువ. గ్రహణానికి మాత్రం దీనితో పని లేదు. పై పెదవి అతుక్కునేది గర్భంలో నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. కత్తిపీట ముట్టుకోవద్దని అత్తగారు ఆంక్ష పెట్టేనాటికి ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఇక కొలత. పూర్వం కాలిపర్ పట్టుకుని కొలిచేవారు. చంటిబిడ్డ కుదురుగా ఉండదు, మెత్తటి ముక్కు కాలిపర్ తగిలితేనే నొక్కుకుపోతుంది. ఇప్పుడు స్టీరియో ఫొటోగ్రామెట్రీ వచ్చింది. చుట్టూ ఉన్న కెమెరాలన్నీ ఒక్కసారే, సెకనులో చిన్న వంతులో ఫొటో తీస్తే కంప్యూటర్ త్రీడీ ముఖాన్ని కడుతుంది. ఎక్స్‌రే బెడద లేదు. ఆ ముఖం మీద కంటి మూలలు, ముక్కు కొన, ముక్కు రెక్కల అంచులు, పై పెదవి నడుమ రెండు మిట్టలు, నోటి మూలలు గుర్తిస్తారు. చుక్కల ముగ్గులో ఒక్క చుక్క జరిగినా గీత వంకరపోయినట్టు, ఇక్కడా ఒక బిందువు జరిగితే చుట్టుపక్కల ఆకారమంతా మారుతుంది.

ఎడమవైపు చీలిక ఉన్న బిడ్డనే తీసుకుందాం. మూతి చుట్టూ వలయంలా ఉండాల్సిన కండరం చీలిక దగ్గర తెగి, ఒక కొస ముక్కు రెక్క అడుగున అతుక్కుంటుంది. బిడ్డ ఏడ్చినప్పుడల్లా అది రెక్కను పక్కకు లాగుతుంది. దాంతో ఆ రెక్క చదునై వెడల్పవుతుంది, ముక్కు దూలం ముందు కొస కుడివైపుకి ఒరుగుతుంది. కంప్యూటర్ ఈ ముఖాన్ని అద్దంలో బింబంలా తిప్పి మళ్లీ దానిమీదే పరుస్తుంది. రెండూ ఎక్కడ కలవవో అక్కడ ఎన్ని మిల్లీమీటర్ల తేడా ఉందో చెబుతుంది. ఏ చీలికా లేనివాళ్ల ముఖం కూడా పూర్తిగా కలవదు కాబట్టి తేడా సున్నాకు రావాలని ఏ సర్జనూ ఆశించడు.

ఒక బిడ్డను ఇతర పిల్లలతో పోల్చాలంటే చిక్కు మొదలవుతుంది. లెస్లీ ఫార్కస్ టొరంటోలో ఏళ్ల తరబడి కూర్చిన ముఖ కొలతల్లో పెద్ద భాగం ఉత్తర అమెరికా తెల్లవాళ్లవి. వాటితో గుడివాడ పిల్ల ముక్కు వెడల్పు తూచితే చీలిక లేని పిల్లలోనూ లోపం కనిపిస్తుంది. ఇక్కడి పిల్లలకు ఇక్కడి పిల్లలే కొలబద్ద కావాలి.

కత్తి సంగతికి శ్రీలంకలో జవాబు దొరికింది. 1980ల మధ్య నుంచి బ్రిటిష్ ఆర్థోడాంటిస్ట్ మైకేల్ మార్స్ బృందం, ఆపరేషనే లేకుండా పెద్దవాళ్లయినవారిని అక్కడ కొలిచింది. వాళ్ల పై దవడ దాదాపు మామూలుగానే ముందుకు పెరిగింది! అంటే ఎదుగుదలను ఎక్కువగా పట్టి ఉంచేది ఆపరేషన్ తర్వాత మిగిలే మచ్చ కణజాలం. అలాగని చీలిన అంగిలిని కుట్టకుండా వదిలేస్తే మాట ముక్కులోంచి వస్తుంది. అందుకే మాటలొచ్చే వయసుకు ముందే, సుమారు 9 నుంచి 18 నెలల మధ్య, అంగిలి మూస్తారు. దవడ కొంత నష్టపోయినా మాట దక్కాలన్నది ఆ లెక్క. నాకది సబబుగానే తోస్తుంది.

ఆ నష్టం ఎంతో తెలుసుకోడానికి 1987లో గోస్లాన్ కొలబద్ద వచ్చింది. పదేళ్ల పిల్లల పళ్ల అచ్చులను చూసి ఒకటి నుంచి ఐదు వరకు గ్రేడ్ ఇస్తారు. నాలుగు, ఐదు వస్తే పెద్దయ్యాక దవడ ఆపరేషన్ తప్పకపోవచ్చు. మన దగ్గర 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చీలికలనూ పరీక్షించి పెద్దాసుపత్రికి పంపుతున్నారు. పెదవి కుట్టించాక మళ్లీ ఆసుపత్రి మొహం చూడని కుటుంబాలతోనే కష్టం. చిగురు చీలికలో తుంటి ఎముక ముక్క అతికేది సాధారణంగా 8–11 ఏళ్ల మధ్య, కోరపన్ను దిగకముందు. ఆ వయసులో ఆసుపత్రికి రాకపోతే ఆ అదను దాటిపోతుంది.