తొట్టిలో సాగే నేత

సోలాపూర్‌లో కుమఠా నాకా దగ్గరి కార్ఖానాల్లో జకార్డు మగ్గం మీద ఏ పోగూ తనంత తాను తన చోటికి వెళ్ళదు. చద్దరు మీద నెమలి రావాలంటే ఏ పేకకు ఏ పడుగు పోగు లేవాలో అట్టల్లో ముందే చిల్లులు పొడిచి ఉండాలి. టవల్ మీద బొచ్చు లేవాలంటే రెండు పడుగులు కావాలి, ఒకటి బిగువుగా, ఇంకొకటి వదులుగా. రెండు పేకలు కాస్త ఎడంగా ఆగుతాయి. మూడో పేకకు పన్నె పూర్తిగా ముందుకొచ్చి మూడింటినీ కలిపి కొడుతుంది. అప్పుడు వదులు పడుగు ఉంగరాలుగా పైకి లేస్తుంది. పోగు తెగితే మగ్గం ఆపి మనిషి ముడి వేయాలి.

కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు పల్లెల్లో మగ్గం కూడు పెట్టని రోజుల్లో బయల్దేరిన పద్మశాలీలు సోలాపూర్‌లో ఈ పనిని తరాలుగా చేస్తున్నారు. సోలాపురి చద్దరుకూ, సోలాపూర్ టెర్రీ టవల్‌కూ 2005-06లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరంతా నేత తెచ్చిందనే అందరూ అనుకుంటారు. నా లెక్కలో సగం వాటా తొట్లకు ఇవ్వాలి. నూలు ఉడికే తొట్టి, రంగు తొట్టి, గంజి తొట్టి, చివర్లో టవళ్ళను మెత్తబరిచే తొట్టి. వీటిలో అణువులను పట్టుకుని ఎవరూ వాటి చోట్లలో కూర్చోబెట్టరు. నీళ్ళు, వేడి, మందు, సమయం సరిగ్గా కుదిరితే అవే వెళ్ళి బారులు తీరతాయి. ఈ గుణాన్ని స్వయం అమరిక అంటారు. దాన్ని పనిముట్టుగా చేసుకున్న విద్యే మృదు నానో టెక్నాలజీ.

ముందు కొలతలు చూద్దాం. నూలు పోగులోంచి ఒక్క పత్తి నార లాగితే దాని అడ్డుకొలత 12 నుంచి 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు లేదా ఇంకా తక్కువ. ఆ నార లోపల సెల్యులోజ్ సన్నపోగులు కట్టలు కట్టలుగా చుట్టుకుని ఉంటాయి. ఒక్కో సన్నపోగు మందం కొన్ని నానోమీటర్లే. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు.

ఆ సన్నపోగుల్ని నేసిందెవరు? పత్తి నార మొత్తం ఒకే ఒక్క కణం. గింజ పైపొరలోని కణం పువ్వు పూసిన నాటి నుంచి సాగుతూ మూడు వారాల్లో అంగుళం దాకా పెరుగుతుంది. దాని పొరలో ఆరు రేకుల పువ్వు ఆకారంలో ఎంజైముల గుంపులు తిరుగుతుంటాయి. ఒక్కో గుంపు వెడల్పు సుమారు 25 నానోమీటర్లు. ఒక్కొక్క దాని నుంచి దాదాపు 18 సెల్యులోజ్ గొలుసులు ఒకేసారి బయటికి వస్తాయని ఇప్పటి అంచనా. ఎంజైము పని గొలుసును వదలడం వరకే. వచ్చిన గొలుసులు పక్కపక్కన చేరి, హైడ్రోజన్ బంధాలతో అతుక్కుని, స్ఫటికంగా బిగుసుకోవడం వాటి సొంత పని. మనం మగ్గానికి ఎక్కించే ప్రతి పోగూ అప్పటికే ఒకసారి ఇలా అల్లుకున్నదే.

అణువులు ఎందుకు ఇలా కూడుకుంటాయి? మామూలు వేడిమిలో నీటి అణువులు క్షణం కూడా కుదురుగా ఉండవు. మధ్యలో ఉన్న ప్రతి రేణువునూ అన్ని వైపుల నుంచీ గుద్దుతుంటాయి. నానోమీటర్ల లోకంలో ఆ గుద్దులే పెద్ద బలం. గట్టి రసాయన బంధాన్ని అవి తెంచలేవు. హైడ్రోజన్ బంధం లాంటి బలహీనమైన వాటిని మాత్రం కలుపుతాయి, విడదీస్తాయి, మళ్ళీ కలుపుతాయి. తప్పు చోట తగిలిన అణువు ఊడి వస్తుంది. సరైన చోట నాలుగు వైపులా పట్టు దొరికినది నిలిచిపోతుంది. బంధాలు మరీ గట్టివైతే తప్పు దిద్దుకునే వీలే ఉండదు, ఎక్కడ తగిలితే అక్కడే ఇరుక్కుని అంతా ముద్దవుతుంది.

దీనికి గట్టి రుజువు పొగాకు నుంచి వచ్చింది. సోలాపూర్ తెలుగు వాడల్లో మగవాళ్ళు కార్ఖానాకు వెళితే ఆడవాళ్ళు చాటలో పొగాకు పోసుకుని బీడీలు చుట్టే ఇళ్ళు ఎన్నో. ఆ పొగాకు మొక్క ఆకులకు మచ్చల తెగులు తెచ్చే వైరస్ 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న కడ్డీ. 1955లో కాలిఫోర్నియాలో హైన్జ్ ఫ్రెంకెల్-కాన్రాట్, రాబ్లీ విలియమ్స్ ఆ వైరస్‌ను ప్రొటీన్‌గా, ఆర్‌ఎన్‌ఏగా విడదీసి మళ్ళీ కలిపి చూశారు. ప్రొటీన్ ముక్కలు ఆర్‌ఎన్‌ఏ చుట్టూ మరచుట్టుగా చేరి, మొక్కకు తెగులు తెప్పించగల కడ్డీలు మళ్ళీ తయారయ్యాయి. ఒక్కో కడ్డీలో ఒకేలాంటి ముక్కలు 2,130 దాకా ఉంటాయి. ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో చెప్పే చిల్లుల అట్ట బయట ఎక్కడా లేదు. ఆ సమాచారం ముక్క ఆకారంలోనే, దాని మీది విద్యుదావేశాల్లోనే ఉంది.

ఇక తొట్ల దగ్గరికి వద్దాం. పచ్చి పత్తిని నీటి మీద వేస్తే తేలుతుంది. దాని ఒంటి మీద మైనం పొర ఉంటుంది. బరువులో నూటికి ఒక వంతు దాటదు గానీ, అది పోతేగానీ రంగు సమంగా ఎక్కదు. అందుకే నూలును కాస్టిక్ సోడా నీళ్ళలో సబ్బులాంటి మందు వేసి ఉడకబెడతారు. సబ్బు అణువుకు నీటిని కోరే తల, నూనెను కోరే తోక ఉంటాయి. తోక చుట్టూ ఉన్న నీటి అణువులు తమ ఇష్టం వచ్చినట్టు తిరగలేక ఒక తీరుకు కట్టుబడాల్సి వస్తుంది. తోకలన్నీ ఒకచోట దాక్కుంటే ఆ నీటికి విడుదల. అందుకే సబ్బు ఒక మోతాదు దాటగానే అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుంపులు కడతాయి. వీటిని మిసెల్స్ అంటారు. సబ్బు నీళ్ళలో ఇలాంటి గుంపులున్నాయని ఇంగ్లండ్‌లో జేమ్స్ మెక్‌బెయిన్ 1913లోనే చెప్పాడు. సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే పేరున్న డిటర్జెంట్‌కు ఆ మోతాదు లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు. ఒక్కో గుంపులో అరవై దాకా అణువులుంటాయి, గుంపు అడ్డుకొలత సుమారు నాలుగు నానోమీటర్లు. వేడికి కరిగిన మైనం ఇలాంటి గుంపుల ఆసరాతో నీళ్ళలో కలిసిపోతుంది. మోతాదు చాలకపోతే వదిలిన మైనం మళ్ళీ నూలుకే అంటుకుంటుంది. బోరు నీళ్ళు గడుసువైతే మరో చిక్కు. నీళ్ళలోని కాల్షియం సబ్బు తలలను పట్టుకుని మడ్డిగా దింపేస్తుంది, గుంపులు కట్టడానికి సబ్బే మిగలదు.

రంగు తొట్టిలో జరిగేది ఇంకా గొప్ప ఘట్టం. సోలాపూర్ చద్దరుకు ముందు నూలుకు రంగు వేసి ఆ తరువాత నేస్తారు. గట్టి రంగు కావాలంటే వాట్ రంగులు ఉన్నాయి. వాట్ రంగు నీళ్ళలో కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే మందు వేసి వేడి చేస్తే దాని రూపం మారి కరుగుతుంది, తొట్టిలో రంగు కూడా వేరేగా కనిపిస్తుంది. కరిగిన రూపంలో అది నారలోని సందుల్లోకి దూరుతుంది. తరువాత గాలి తగిలినా, పెరాక్సైడ్ వేసినా పాత రూపానికి వచ్చేస్తుంది. ఇక కరగదు, బయటికీ రాలేదు. నీలిమందు నూలుకు పట్టేదీ ఈ దారిలోనే.

అంతటితో పని అయిపోలేదు. డైయింగ్ తెలిసినవాళ్ళు ఆ దశలో షేడ్ చూసి తీర్పు చెప్పరు. మరిగే సబ్బునీళ్ళలో నూలును ఆడించాకే చెబుతారు. ఆ సోపింగ్ పైపైన అంటిన రంగును కడిగేస్తుందని అందరికీ తెలుసు. నార లోపల అది చేసే పని అంతకన్నా పెద్దది. విడివిడిగా చిక్కుకుపోయిన రంగు అణువులు ఆ వేడికి కదులుతాయి. బల్లపరుపుగా ఉన్న తమ ముఖాలను ఒకదానికొకటి ఆనించి దొంతరలు కడతాయి, చిన్నచిన్న స్ఫటికాలవుతాయి. దొంతరలో ఉన్న అణువు వెలుతురును పీల్చే తీరు ఒంటరి అణువుకు ఉండదు. అందుకే షేడ్ మారి అసలు రంగు తేలుతుంది, రంగు గట్టితనమూ పెరుగుతుంది. కర్బన అణువుల్లో కరెంటు నడిపే పరికరాల కోసం, సౌర పలకల కోసం శ్రమిస్తున్న ప్రయోగశాలలు చాలా ఇలాంటి బల్లపరుపు అణువులను ఎలా దొంతర పెట్టాలన్న ప్రశ్న మీదే కూర్చున్నాయి. ఎంత వేడి, ఎంతసేపు అన్నది డైయింగ్ మాస్టర్‌కు చేతి లెక్కగా తెలుసు. ఆ తెలివిని ఉత్త కూలిపనిగా చూడడం మన చదువుల్లో ఉన్న లోపం.

గంజి సంగతి క్లుప్తంగా చెప్తాను. పూర్వం వీధిలో పడుగు చాచి కుంచెలతో పట్టించేవాళ్ళు, ఇప్పుడు సైజింగ్ యంత్రాలు వచ్చాయి. పిండి రేణువులు 60-75 డిగ్రీల ప్రాంతంలో నీరు తాగి ఉబ్బుతాయి. వాటిలోంచి అమైలోజ్ గొలుసులు బయటికి వస్తాయి. చల్లారేకొద్దీ ఆ గొలుసులు మెలికలుగా జతకట్టి గట్టిపడతాయి. చద్దన్నం బిరుసెక్కడానికీ ఇదే కారణం. పోగు మీద పలచటి పొరగా ఇది జరిగితే నూలు మగ్గం రాపిడికి ఓర్చుకుంటుంది. తొట్టిలోనే జరిగితే గంజి గడ్డకడుతుంది.

టవల్ దగ్గరికి వచ్చేసరికి ఈ శాస్త్రం సోలాపూర్ వ్యాపారానికి నేరుగా తగులుతుంది. ఉతికిన టవల్ ఎండలో ఆరితే బిరుసెక్కుతుంది. ఆరిపోయిందనుకున్న పత్తి మీద కూడా పలచటి నీటి పొర మిగిలే ఉంటుంది. జపాన్‌లోని కావో కంపెనీ, హొక్కైడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ఈ అంటిపెట్టుకున్న నీటిని సన్నని మొనతో తడిమి చూసే సూక్ష్మదర్శినితో పరిశీలించారు. ఆ నీరే నారకు నారకు మధ్య జిగురుగా పనిచేసి టవల్‌ను బిగిస్తుందని వాళ్ళు తేల్చారు.

కొత్త టవల్ అయితే అంగట్లో చేతికి మెత్తగా తగలాలి. అందుకని చివరి తొట్టిలో సాఫ్ట్‌నర్ వేస్తారు. ఎక్కువగా వాడే ఒక రకంలో అణువుకు ధనావేశం ఉన్న ఒక తల, కొవ్వు తోకలు రెండు ఉంటాయి. రెండు తోకలవడంతో ఇవి సబ్బులా చిన్న గుండ్రటి గుంపుల్లో ఇమడలేవు. రెండు వరసల పొరగా పరుచుకుంటాయి, ఆ పొర చుట్టుకుని తిత్తి అవుతుంది. తల వెడల్పు, తోకల మందం, పొడవు తెలిస్తే గుంపు ఏ ఆకారంలో ఉంటుందో ముందే చెప్పవచ్చని జేకబ్ ఇజ్రాయెలాచ్విలి, ఆయన సహచరులు 1976లో చూపించారు. మన ఒంట్లో ప్రతి కణాన్నీ చుట్టి ఉన్న పొర కట్టుబడి కూడా ఇదే. నీళ్ళలో పత్తికి రుణావేశం ఉంటుంది కనుక తిత్తులు వెళ్ళి నారకు అంటుకుంటాయి. తలలు నార వైపు, తోకలు బయటికి. నారల మధ్య జారుడు వస్తుంది, నీటి జిగురు పట్టు సడలుతుంది.

నష్టం కూడా అక్కడే ఉంది. బయటికి తిరిగిన తోకలు నీటిని దగ్గరికి రానివ్వవు. ఇంధనం కాల్చి, కాస్టిక్ పోసి వదిలించిన మైనం స్థానంలో మనమే ఇంకో మైనం పూసినట్టయింది. సాఫ్ట్‌నర్ ఎక్కువైన టవల్ ఒంటి మీది నీటిని ఇటు నుంచి అటు నెడుతుంది, తాగదు. నీళ్ళు తాగని టవల్‌కు భౌగోళిక గుర్తింపు ఉండి ఏం లాభం? నీటిని ఇష్టపడే సిలికోన్ సాఫ్ట్‌నర్లు దొరుకుతాయి. రెండు తోకల పాత మందుల్లో నీటిలో, మట్టిలో త్వరగా కుళ్ళనివి ఉన్నాయి. 1990ల మొదట్లో యూరప్ కంపెనీలు వాటిని వదిలేసి, తలకూ తోకకూ మధ్య తేలిగ్గా తెగే ఎస్టర్ బంధం ఉన్న రకాలకు మారాయి. అణువులో చిన్న అతుకు మార్చితే నదికి అంత మేలు జరిగింది.

నానో టెక్నాలజీ అనగానే చాలామందికి అణువంత పళ్ళచక్రాలు, మరలు గుర్తొస్తాయి. 1959లో రిచర్డ్ ఫైన్‌మన్ ఇచ్చిన ఉపన్యాసం, 1986లో ఎరిక్ డ్రెక్స్‌లర్ రాసిన పుస్తకం ఆ ఊహకు ఊపిరి పోశాయి. 2004లో రిచర్డ్ జోన్స్ ‘సాఫ్ట్ మెషీన్స్’ అనే పుస్తకంలో మరో దారి చూపాడు. నీటి గుద్దుల మధ్య బిగువైన యంత్రాలు మనుగడ సాగించలేవని, జీవకణంలా ఆ గుద్దులనే వాడుకోవాలని ఆయన వాదన. నేను జోన్స్ పక్షమే. హైదరాబాద్‌లోనే దానికి ఉదాహరణ ఉంది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. అందులో ఈస్ట్ కణాలు తయారుచేసిన వైరస్ పైపొర ప్రొటీన్, కొవ్వులతో కలిసి 22 నానోమీటర్ల రేణువులుగా కూడుకుంటుంది. లోపల వైరస్ జన్యుపదార్థం లేదు, శరీరం మాత్రం వైరస్ వచ్చిందనుకుని కాపుదల సిద్ధం చేసుకుంటుంది. కోవిడ్ కాలంలో ఆర్‌ఎన్‌ఏ టీకాలను మోసిన కొవ్వు రేణువులు సాఫ్ట్‌నర్ తిత్తులకు దగ్గరి చుట్టాలే.

ఈ విద్యకు హద్దు ఉంది. తమంత తాము కూడుకునే అణువులకు ఒకే నమూనాను పదేపదే వేయడం సులువు, చద్దరు మీది నెమలి కష్టం. ఆ హద్దును 2006లో అమెరికాలో పాల్ రోథెమండ్ కొంత జరిపాడు. ఏడువేల పైచిలుకు అక్షరాల డీఎన్‌ఏ పోగు ఒకటి, దాన్ని అక్కడక్కడా పట్టి మడిచే పొట్టి పోగులు రెండు వందలకు పైగా తీసుకుని, వేడి చేసి మెల్లగా చల్లార్చాడు. వంద నానోమీటర్ల వెడల్పున నవ్వు ముఖాలు వచ్చాయి. జకార్డు అట్ట మీద రాసే సమాచారాన్ని ఆయన పోగులోనే రాశాడు.

సోలాపూర్ విశ్వవిద్యాలయంలో, ఊళ్ళోని కాలేజీల్లో రసాయనశాస్త్రం చదువుతున్న తెలుగు పిల్లలకు మిసెల్స్ పాఠం పుస్తకంలో ఒక పేజీగానే అందుతోంది. ఆ పాఠం సగం డైయింగ్ యూనిట్లో చెప్పాలి. కార్ఖానాదారులు వాళ్ళను లోపలికి రానివ్వాలి, ప్రాజెక్టు పనికి తమ నీళ్ళు, తమ నూలు, తమ రంగు ఇవ్వాలి. టవళ్ళు చేసేవాళ్ళకు ఇంకొక విన్నపం. సాఫ్ట్‌నర్ డ్రమ్ము కొనేటప్పుడు అది ఏ రకమో, నీటిలో కుళ్ళుతుందో లేదో అమ్మేవాళ్ళను అడగండి. ప్రతి లాట్ నుంచి చిన్న ముక్క కత్తిరించి గిన్నెలో నీటి మీద మెల్లగా వదలండి. అది మునగడానికి పట్టిన సెకన్లను, వేసిన సాఫ్ట్‌నర్ కొలత పక్కనే, లాట్ పుస్తకంలో రాసి పెట్టండి.