పాట ఎవరిదో చెప్పి పాడిన రాత్రి

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మన పల్లెల్లో గిటార్ ముందుగా కనబడేది చర్చిలోనే. పక్కన కీబోర్డు, ప్యాడ్స్, మైకులు, పెద్ద సౌండ్ బాక్సులు ఉంటాయి. ఆరాధన మధ్యలో కరెంటు పోతే అవన్నీ మూగబోతాయి. అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దామె గొంతెత్తుతుంది. చప్పట్లు, కంజీర తోడవుతాయి. పాట ఆగదు. ఒక్కోసారి అప్పుడే మాట స్పష్టంగా వినబడుతుంది.

ఆ కరెంటు పోయిన క్షణాన్ని కావాలని తయారుచేసి చూపించిన టీవీ కార్యక్రమం ‘అన్‌ప్లగ్డ్’. అమెరికాలో ఎంటీవీ దీన్ని 1989లో మొదలుపెట్టింది. పేరున్న రాక్ బృందాలు ఎలక్ట్రిక్ గిటార్ల హోరు పక్కనపెట్టి, చెక్క గిటార్లతో, కొద్దిమంది ముందు కూర్చుని పాడాలి. వాటిలో ఇప్పటికీ జనం వెతుక్కుని చూసేది నిర్వాణ బృందానిది. 1993 నవంబర్ 18న న్యూయార్క్‌లోని సోనీ స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు.

ముప్పై ఏళ్లు దాటాక మనం దాని గురించి ఎందుకు మాట్లాడుకోవాలి? ఆ రాత్రి చివరి పాట ఒక నల్లజాతి ఖైదీ గొంతు నుంచి వచ్చింది. పాడినవాడు ఆ సంగతి దాచలేదు.

నలిగిపోతున్న బృందం

నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ వాషింగ్టన్ రాష్ట్రంలోని అబర్డీన్ అనే కలప పని ఊరివాడు. 1991లో వచ్చిన ‘నెవర్‌మైండ్’ ఆల్బం ఆ బృందాన్ని ప్రపంచమంతా మోసుకుపోయింది. రెండేళ్లు తిరిగేసరికి కోబేన్ హెరాయిన్‌కు అలవాటుపడి, కడుపునొప్పితో, కీర్తి భారంతో నలిగిపోయి ఉన్నాడు. రికార్డింగ్ రోజున మత్తు అందక ఒళ్లు స్వాధీనంలో లేదు. రిహార్సల్స్ సరిగ్గా సాగలేదు. డ్రమ్మర్ డేవ్ గ్రోల్ దెబ్బ మిగతా గొంతులను మింగేస్తుంటే, నిర్మాత అలెక్స్ కొలెట్టి అతనికి బ్రష్‌లు తెచ్చిచ్చాడు.

వేదిక మీద లిల్లీ పూలు, నల్ల కొవ్వొత్తులు కావాలని కోబేన్ అడిగాడు. శవయాత్రలాగానా అని నిర్మాత అడిగితే అవునన్నాడు. ఐదు నెలలు నిండకుండానే, 1994 ఏప్రిల్ 5న, 27 ఏళ్ల వయసులో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత ఆ కార్యక్రమాన్ని ఛానల్ మళ్లీ మళ్లీ వేసింది. నవంబర్‌లో అది ఆల్బంగా వచ్చింది.

పక్కవాళ్లకు చోటు

ఛానల్ కోరుకున్నది హిట్ పాటలు, పేరున్న అతిథులు. కోబేన్ ఆ కోరికను పెద్దగా పట్టించుకోలేదు. అందరికీ తెలిసిన పాటను పాడనే లేదు. మొత్తం 14 పాటల్లో ఆరు ఇతరులవి. వాటిలో మూడు మీట్ పపెట్స్ అనే, పెద్దగా పేరు లేని బృందానివి. ఆ బృందంలోని అన్నదమ్ములిద్దరినీ పిలిచి వేదిక మీద కూర్చోబెట్టాడు.

ఇంకొకటి డేవిడ్ బౌయీ పాట. 1983లో ఇదే ఎంటీవీకి ఇంటర్వ్యూ ఇస్తూ, మీ ఛానల్‌లో నల్లజాతి కళాకారులు ఇంత తక్కువగా ఎందుకు కనబడతారని ఎదురు ప్రశ్న వేసిన గాయకుడు బౌయీ. పుట్టిన కొత్తలో ఆ ఛానల్ నల్లవాళ్లను దాదాపు బయటే నిలబెట్టింది. అలాంటి ఛానల్ వేదిక మీద కోబేన్ తన ఆఖరి పాటకు ముందు లెడ్ బెల్లీ పేరు చెప్పి, అతను తమ అభిమాన కళాకారుడని ప్రకటించాడు.

లెడ్ బెల్లీ ఎవరు?

అసలు పేరు హడ్డీ లెడ్‌బెటర్. లూసియానాలో పుట్టిన నల్లవాడు, పన్నెండు తీగల గిటార్‌లో దిట్ట. హత్య కేసులో ఒకసారి, హత్యాయత్నం కేసులో మరోసారి జైలుకు వెళ్లాడు. రెండోసారి పడింది అంగోలా జైలులో. బానిసలు పనిచేసిన పాత తోటల మీదే కట్టిన జైలు అది. నల్లజాతి మొత్తాన్ని నేరస్థులుగా చూసిన కాలం. బాపట్ల పక్కన స్టువర్టుపురం చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ బ్రిటిష్ ప్రభుత్వం ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులని చట్టంలో రాసి, సెటిల్‌మెంట్‌లో పెట్టి కాపలా కాసింది.

1933లో జాన్ లొమాక్స్, అతని కొడుకు అలన్ పాటలు సేకరిస్తూ అంగోలా జైలుకు వచ్చి హడ్డీ గొంతును రికార్డు చేశారు. మరుసటి ఏడాది విడుదలయ్యాక అతన్ని వెంట తిప్పుకున్నారు. అతను వాళ్ల కారు నడిపాడు. ఖైదీ వేషంలో పాడాడు. సంపాదనలో పెద్ద వాటా తండ్రీకొడుకులదే. చివరికి లెక్కల దగ్గరే తెగింది. 1937లో లైఫ్ పత్రిక అతని మీద కథనం రాస్తే, నల్లవాళ్లను తిట్టే మాటనే శీర్షికలో పెట్టింది.

1949 డిసెంబర్‌లో అతను పేదవాడిగానే పోయాడు. మరుసటి ఏడాది అతని ‘గుడ్‌నైట్ ఐరీన్’ను తెల్లజాతి బృందం వీవర్స్ పాడితే దేశంలో వారాల తరబడి మొదటి స్థానంలో నిలిచింది. రచయితల వరసలో లెడ్‌బెటర్ పక్కన లొమాక్స్ పేరు కూడా ఉంది.

కోబేన్ పాడిన చివరి పాట లెడ్ బెల్లీ రాసింది కాదు. అమెరికా దక్షిణాది కొండల్లో చాలాకాలంగా నోటినుంచి నోటికి సాగిన పాట. కానీ కోబేన్‌కు చేరింది లెడ్ బెల్లీ పాడిన తీరులోనే. ఆ దారిని అతను చెరపలేదు.

‘జానపదం’ అనే ముసుగు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. డప్పు శబ్దం లేని సినిమా మాస్ పాట అరుదు. చావుకు డప్పు కొట్టించుకుని, కొట్టినవాణ్ని ముట్టుకుంటే మైల అన్న ఊరే ఇవాళ ఆ దరువుకు ఈలలు వేస్తోంది. నాట్లలో మన అమ్మలు కట్టిన పాట తెర మీదకు వచ్చేసరికి ‘జానపదం’ అయిపోతుంది. జానపదం అంటే ఎవరిదీ కాదని అర్థం చెప్పి, తీసుకున్నవాడు తన పేరు రాసుకుంటాడు.

రాసినవాడు తెలిసినప్పుడు కూడా ఇదే తంతు. ‘ఊరు మనదిరా’ పాట తెలియని ఉద్యమకారుడు లేడు. అది రాసిన గూడ అంజయ్య పేరు ఎంతమందికి తెలుసు? ఆయన 2016లో చనిపోయారు. ఇప్పటికీ ఆ పాటను ఇంకొకరి ఖాతాలో వేసేవాళ్లున్నారు.

దీనికి డబ్బు సంగతి కూడా ఉంది. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమాకు పాట హక్కులు రాసిచ్చేసినా, రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా పోదని ఆ సవరణ చెబుతోంది. అయితే చట్టం ముందు నిలబడాలంటే ఒక పేరు ఉండాలి. ‘జానపదం’ అని రాసిన చోట అడిగేవాడే ఉండడు.

పేరు చెబితే సరిపోతుందా?

సరిపోదు. నల్లవాళ్ల పాట పాడి తెల్లవాళ్లు ఎదగడం అమెరికాలో పాత కథే, కోబేన్ కూడా తెల్లవాడే. లెడ్ బెల్లీ గిటార్‌ను 5 లక్షల డాలర్లకు అమ్ముతామని తన దగ్గరకు వచ్చారని అతనే ఆ వేదిక మీద సరదాగా చెప్పాడు. ఆ రాత్రి అతను వాయించిన గిటార్ 2020లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. పాట దారిలో ముందు నడిచినవాడు పేదవాడిగానే పోయాడు.

అయినా పేరు చెప్పడం మొదటి మెట్టు. లెడ్ బెల్లీ పేరు ఎన్నడూ వినని ఎంతోమంది కుర్రాళ్లకు ఆ కార్యక్రమం అతని పేరు చేర్చింది.

రేపు మన పేటలో అంబేద్కర్ జయంతి వేదిక ఎక్కినా, చర్చిలో మైకు పట్టుకున్నా, పాటకు ముందు ఒక్క వాక్యం కలపండి: ఇది ఎవరు రాశారు, మనకు ఎవరు నేర్పారు. మీ నాయనమ్మ పాడే పాటలను ఆమె పేరు, ఊరు, తేదీ వేసి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రేపు ఎవరైనా ఆ పాట ఎవరిదీ కాదంటే చూపించడానికి అది ఉంటుంది.