నిప్పుకు వేరే గాలి, మనిషికి వేరే గాలి
(పెద్ద ఇండ్లను వేడిచేయు యంత్రాలు – వాటి మరమ్మత్తు, భద్రత)

మన ప్రాంతంలో ఇల్లు కట్టుకొనువాడు మొదట ఆలోచించేది ఎండను తప్పించుకొనుట ఎట్లా అని. వసారాలు, ఎత్తయిన కప్పులు, ఎదురెదురు కిటికీలు ఆ ఆలోచన ఫలితాలే. ఉత్తర అమెరికాలోని చలి ప్రాంతాల వారి ఆలోచన ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ సంవత్సరంలో ఐదారు నెలలు ఇంటిని వెచ్చగా ఉంచనిదే బ్రతుకు సాగదు. ఇల్లు చల్లబడితే గొట్టాలలోని నీరు గడ్డకట్టి గొట్టాలే పగిలిపోతాయి. పొయ్యి లేని ఇల్లు మన ఊహకు ఎట్లు అందదో, వేడి యంత్రం లేని ఇల్లు వారి ఊహకు అట్లే అందదు.

ఈ విషయం మనకెందుకు అనే ప్రశ్న రావచ్చును. నేడు తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల నుండి వేలాదిగా విద్యార్థులు పైచదువులకు అమెరికా, కెనడా దేశాలకు వెళుతున్నారు. కొందరు కలిసి ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకొనుట, అద్దె తక్కువని నేలమాళిగలో పడక వేసుకొనుట వారిలో కనిపించే విషయమే. ఇంటినంతటినీ వేడిచేసే యంత్రం సాధారణంగా ఆ నేలమాళిగలోనే ఉంటుంది. దానిని గురించి ఏమియు తెలియకుండా దాని ప్రక్కన నిద్రించుట మంచిది కాదు.

ఆ యంత్రాన్ని ఫర్నేసు అంటారు. నిఘంటువు తెరచి చూస్తే ఆ మాటకు కొలిమి అనే అర్థం దొరుకుతుంది. కాని కమ్మరి కొలిమికి, దీనికి పోలిక నిప్పు వరకే. కమ్మరి తిత్తి ఊదుతూ నిప్పు ఎదుటనే కూర్చుంటాడు. మంట రంగు మారినా, పొగ తిరిగినా వెంటనే అతనికి తెలుస్తుంది. ఫర్నేసులోని నిప్పు ఇనుప పెట్టెలో దాగి, తనంత తానే వెలుగుతూ, తనంత తానే ఆరుతూ ఉంటుంది. ఇంటిలో ఎవరూ దానిని చూడరు. దాని సౌకర్యము అక్కడే ఉన్నది. దాని ప్రమాదమూ అక్కడే ఉన్నది.

కుంపటి నుండి నేలమాళిగకు

గది మధ్య కుంపటి పెట్టుకొనుట చలి కాచుకొనుటకు అన్నిటికంటె పాత పద్ధతి. ఉర్దూలో దీనినే అంగీఠీ అంటారు. కాని కుంపటిలో ఒక చిక్కున్నది. అది వేడిని, విషవాయువును ఒకే గదిలోనికి వదలుతుంది. వేడిని మాత్రం లోపల ఉంచుకొని తక్కినదానిని బయటికి పంపుట ఎట్లా అని మానవుడు రెండువేల సంవత్సరాలకు పైగా ఆలోచిస్తూనే వచ్చినాడు. రోమనులు నేలను చిన్న చిన్న స్తంభాలపై లేపి, దాని క్రింద వేడి వాయువులను ప్రవహింపజేసినారు. కొరియావారు వంటపొయ్యి పొగను నేల క్రింది దారుల గుండా నడిపించి, ఇంటికి ఆవలి వైపున పొగగొట్టం ద్వారా వెలుపలికి పంపినారు. హమామ్ అనే మాట వినగానే మనకు స్నానశాల గుర్తుకు వస్తుంది. కాశ్మీరులోని హమాము అంతకంటె కొంత ఎక్కువ. అది రాతి పలకల నేల క్రింద కట్టెలు మండించి వెచ్చజేసే గది.

ఈ మూడింటిలోను సూత్రం ఒక్కటే: నిప్పు ఒక చోట, మనిషి ఒక చోట. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ సూత్రమే యంత్రరూపం ధరించినది. వాయువుతో మండుతూ, వేర్వేరు గదులకు గొట్టాల ద్వారా వేడిగాలి పంపే ఫర్నేసు రూపకల్పనకు న్యూజెర్సీ రాష్ట్రానికి చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ 1919లో పేటెంటు పొందినది.

యంత్రం పనిచేసే తీరు

ఫర్నేసు హృదయమంతా ఒక లోహపు గోడలో ఉన్నది. ఆ గోడకు ఒక వైపున మంట, దాని పొగ. రెండవ వైపున ఇంటి గాలి. వేడి మాత్రమే గోడ దాటవలెను, పొగ దాటరాదు. దీనిని హీట్ ఎక్స్ఛేంజర్ అంటారు.

గదిలోని థర్మోస్టాట్ చలిని గుర్తించగానే యంత్రానికి సంకేతం పంపుతుంది. మొదట ఒక చిన్న పంకా తిరిగి పొగదారిలో గాలిని కదిలిస్తుంది. దారి తెరచి ఉన్నదని ఒక మీట ధ్రువపరచిన పిమ్మటనే అంటించే కడ్డీ ఎర్రగా కాలుతుంది, వాయువు వదలబడుతుంది, మంట లేస్తుంది. మంట నిజముగా అంటుకొన్నదా లేదా అని మరియొక సన్నని కడ్డీ కనిపెడుతుంది. అంటుకొనకపోతే కొద్ది క్షణాలలో వాయువు ఆగిపోతుంది. లోహపు గోడ వేడెక్కిన తరువాత పెద్ద పంకా తిరిగి, ఇంటి గాలిని ఆ గోడ మీదుగా గదులకు పంపుతుంది. వేడి హద్దు మీరితే ఇంకొక మీట మంటను ఆర్పుతుంది. ఇన్ని కావలివాళ్లను ఏర్పరచుటకు కారణం, అక్కడ కమ్మరివలె కూర్చుండే మనిషి లేకపోవుటయే.

ఈ నిప్పు ఎంతటిదో ఒక లెక్క చూద్దాము. పెద్ద ఇంటి ఫర్నేసు ఒకటి గంటకు 1,00,000 బి.టి.యు. ఇంధనం మండిస్తుందనుకొందాము. అది సుమారు 29 కిలోవాట్లు. అనగా మన ఇండ్లలో నీళ్లు కాచుకొనే 1,500 వాట్ల కడ్డీలు దాదాపు 20 ఒకేసారి వెలిగించినంత. దానికి గంటకు సుమారు 100 ఘనపుటడుగుల సహజవాయువు, ఆ వాయువు మండుటకు దానికి పదింతలు, అనగా 1,000 ఘనపుటడుగుల గాలి కావలెను. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదిలోని గాలినంతటినీ ఆ నిప్పు ఒక్క గంటలో పీల్చివేస్తుందన్నమాట.

గాలి చాలినంత దొరికితే ఇంధనంలోని కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. చాలకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది.

వాసన లేని విషం

కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిను ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకొంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, శరీరానికి ప్రాణవాయువు మాత్రం అందదు.

ప్రసిద్ధ ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా మరణం సాహిత్య విద్యార్థులకు తెలియదగినది. 1885లో వెలువడిన జెర్మినల్ నవలలో బొగ్గు గని కార్మికుల కష్టాలను లోకానికి చూపినవాడు ఆయన. 1902 సెప్టెంబరు 28 రాత్రి పారిస్‌లోని తన ఇంటిలో, పడకగది పొగగొట్టం మూసుకొనిపోగా, ఈ వాయువు సోకి మరునాటికి మరణించినాడు. ఆయన భార్య బ్రతికి బయటపడినది.

బొగ్గు గనులలో ఈ వాయువును ముందుగా పసిగట్టుటకు చిన్న ప్రాణులను వెంట తీసుకొనిపోవలెనని సూచించినవాడు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్. గనిలోనికి కానరీ పిట్టలు దిగుట ఆ విధంగా మొదలైనది. 1986లో బ్రిటన్ గనులు వాటిని మాని, ఎలక్ట్రానిక్ యంత్రాలకు మారవలెనని నిర్ణయించినవి. నేడు ఇండ్లలో గోడకు తగిలించే హెచ్చరిక యంత్రం ఆ పిట్టకు వారసురాలే.

మరమ్మత్తు అనగానేమి?

ఫర్నేసు చెడుట తరచు చాలా చిన్న కారణంతో మొదలవుతుంది. ఇంటి గాలిని శుభ్రపరచే వడపోత అట్ట దుమ్ముతో మూసుకొనిపోతుంది. గాలి తగ్గినందున లోహపు గోడ అతిగా వేడెక్కుతుంది. హద్దు మీట మంటను ఆర్పుతుంది. చల్లబడిన తరువాత మరల వెలుగుతుంది. ఈ విధంగా కాలి, చల్లారి, కాలి, చల్లారి కొన్ని సంవత్సరాలకు ఆ గోడ చిట్లవచ్చును. గోడ చిట్లితే రెండు గాలులకు మధ్య హద్దు చెరిగిపోయినట్లే. కొద్ది డాలర్ల అట్ట మార్చని అశ్రద్ధ ఇంత దూరం పోతుంది.

యంత్రం మాటిమాటికి ఆగిపోతున్నదని కొందరు ఆ మీటకు అడ్డు తీగ కలిపి, ఎట్లో నడిచేటట్లు చేస్తారు. అది మరమ్మత్తు కాదు. కావలివాని నోరు నొక్కుట. మంచి పనివాడు యంత్రం ఎందుకు ఆగినదని అడుగుతాడు. గొట్టంలోని వాయువు ఒత్తిడిని కొలుస్తాడు. ఇంటిలోనికి వచ్చే గాలికి, పోయే గాలికి ఎంత వేడి భేదమున్నదో చూచి, యంత్రం పలకపై వ్రాసిన అంకెతో సరిపోల్చుతాడు. పొగలో కార్బన్ మోనాక్సైడు పాలు ఎంతో యంత్రంతో పరీక్షిస్తాడు. గోడలో చిట్లు ఉన్నదేమో చిన్న కెమెరాతో వెదకుతాడు. వాయువు గొట్టాల అతుకులపై సబ్బునీరు పూసి బుడగలు వస్తున్నవా అని కనిపెడతాడు. మంట నీలంగా, నిలకడగా ఉన్నదా, లేక పచ్చబడి ఊగుతున్నదా అని చూస్తాడు. ఇది శిక్షణ, అనుమతి పొందినవారి పని. ఇంటివారు చేయదగినది అట్ట మార్చుట, గాలిదారులకు అడ్డు తొలగించుట, చలికాలానికి ముందు సంవత్సరానికొకసారి పరీక్ష చేయించుట.

పెద్ద ఇంటి ప్రత్యేక సమస్యలు

ఇల్లు పెద్దదైన కొలది నిప్పుకు, మనిషికి దూరం పెరుగుతుంది. దూరం పెరిగితే భద్రత పెరుగుతుందని తోచవచ్చును. కాని పొడుగాటి గాలి గొట్టాలు వేడినే కాక విషాన్నీ దూరపు గదులకు చేర్చగలవు. నేలమాళిగలో మ్రోగే హెచ్చరిక మూడవ అంతస్తులో నిద్రించేవానికి వినబడదు. అందుచేతనే ప్రతి అంతస్తులోను, ప్రతి పడకగదుల వరుస వెలుపలను ఒక్కొక్క హెచ్చరిక యంత్రం ఉండవలెననియు, ఒకటి మ్రోగితే అన్నియు మ్రోగునట్లు కలుపుట ఉత్తమమనియు నిపుణులు చెబుతారు. ఆ యంత్రాలకు కూడ ఆయుష్షు ఉన్నది. వెనుక ముద్రించిన గడువు దాటితే మార్చవలెను.

వాడని గదుల గాలిరంధ్రాలు మూసివేస్తే ఖర్చు తగ్గుతుందని పెద్ద ఇండ్లవారు భావిస్తారు. చాలా గదులు మూస్తే గాలి ప్రవాహం తగ్గి, మూసుకొనిపోయిన అట్ట చేసే కీడే ఇదియు చేస్తుంది. అవసరానికి మించిన పెద్ద యంత్రం కొనుట కూడ మేలు కాదు. అది కొద్దిసేపు మండి ఆరుతూ, త్వరగా అరిగిపోతుంది.

నేటి మెరుగైన ఫర్నేసుల పొగ పైకప్పు మీదుగా కాక, ప్రక్క గోడలోని ప్లాస్టిక్ గొట్టం గుండా పోతుంది. మంచు పేరుకొని ఇటువంటి గోడ గొట్టం మూసుకొనిపోతే చాలు. 2005 జనవరిలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మంచు తుపాను తరువాత ఇట్లే ఒక ఏడేండ్ల బాలిక మరణించినది. ఇండ్లలో కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక యంత్రాలు ఉండవలెనని ఆ రాష్ట్రం అదే సంవత్సరం చట్టం చేసినది. ప్రధాన భవనం ఒక్కదానినే చూచుకొంటే చాలదు. ప్రఖ్యాత టెన్నిస్ క్రీడాకారుడు వీటాస్ గెరులైటిస్ 1994లో న్యూయార్కు సమీపాన మిత్రుని ఆవరణలోని అతిథిగృహంలో నిద్రలోనే మరణించినాడు. ఈతకొలను నీటిని వేడిచేసే యంత్రాన్ని సరిగా అమర్చనందున ఆ విషవాయువు అతిథిగృహంలో చేరినది.

రెండు ప్రమాదాలు, రెండు జాగ్రత్తలు

మండని వాయువు కారుట వేరు, మండిన వాయువు విషమగుట వేరు. సహజవాయువుకు స్వతహాగా వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో, భవనాన్ని వేడిచేయుటకు తెచ్చుకొన్న వాయువు క్రింది భాగంలో కారి పేలగా దాదాపు 300 మంది మరణించినారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. ఆ పిమ్మట వాయువులో దుర్వాసన గల పదార్థం కలుపుట చట్టబద్ధమైనది. మన వంటగ్యాసుకు ఉన్న వాసన కూడ ఇట్లు కలిపినదే.

ఆ వాసన వస్తే స్విచ్చి వేయరాదు, ఆర్పరాదు. అందరూ బయటికి నడిచి, అక్కడి నుండి ఫోను చేయవలెను. కార్బన్ మోనాక్సైడు విషయంలో వాసన సాయం లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరుగుట, జ్వరం లేని నీరసం – ఇవి ఇంటిలో పలువురికి ఒకేసారి కలిగి, బయటికి పోతే తగ్గితే అనుమానించవలెను. హెచ్చరిక మ్రోగితే కారణం వెదకుతూ లోపల తిరుగరాదు. ముందు బయటి గాలి, తరువాత ఫోను. ఫర్నేసు ఆగిన రాత్రి బొగ్గుల పొయ్యి, వంట పొయ్యి, జనరేటరు ఇంటిలోపల వెలిగించుట మరింత పెద్ద ప్రమాదం.

మన ఊళ్లలో ఫర్నేసులు లేవు. కాని తలుపు బిగించిన స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉన్నది. డిసెంబరు చలిలో కిటికీలు మూసిన గదిలో కుంపటి ఉన్నది. సూత్రం మారదు. గీజరును స్నానాలగది వెలుపల అమర్చుట, కుంపటిని నిద్రకు ముందు గది దాటించుట మనం చేయగలిగిన పనులు.

పరదేశంలో అద్దె ఇంటిలో చేరే విద్యార్థి మొదటి రోజున నాలుగు ప్రశ్నలు అడుగుటకు సంకోచపడరాదు: ఫర్నేసు ఎక్కడున్నది? చివరిసారి ఎప్పుడు పరీక్షించినారు? వాయువు కట్టివేసే మీట ఎక్కడ? నేను పడుకొనే చోటికి వినబడే హెచ్చరిక యంత్రం ఉన్నదా? చివరి ప్రశ్నకు లేదని జవాబు వస్తే, ఆ రాత్రికి ముందే ఒకటి కొనుక్కొనవలెను.

గోడ చిట్లినదని తెలిసినప్పుడు అక్కడి పనివాడు వాయువు కట్టివేసి, యంత్రానికి ఎర్ర చీటీ తగిలించి పోతాడు. బయట మంచు కురుస్తుంటుంది, ఇంటివారు కోపగించుకొంటారు, ఈ ఒక్క రాత్రి నడిపించమని బతిమాలుతారు. అయినను అతడు ఒప్పుకొనడు. చలికి కంబళ్లున్నవి, పొరుగిల్లు ఉన్నది. ఆ గాలికి మాత్రం మందు దానిలోనికి పోకుండుటయే.