దగ్గులో నెత్తురు... మూలం గర్భసంచిలో!

భీమవరం: దగ్గితే నెత్తురు పడిందంటే పల్లెల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది క్షయ. తెమడ పరీక్ష, ఎక్స్‌రే, ఆపైన నెలల తరబడి మాత్రలు. కాని ఆ దగ్గేది ఈమధ్య కడుపు పోయిన పడుచు అయితే, ఊపిరితిత్తుల మీది మచ్చలకు మూలం గర్భసంచిలో ఉండవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ జబ్బును డాక్టర్లు కోరియోకార్సినోమా అంటారు. గర్భసంచికి వచ్చే మిగతా క్యాన్సర్లు సాధారణంగా ముందు పొత్తికడుపులోనే పాకుతాయి. బాగా ముదిరాక ఎప్పుడో వెన్నెముకకో, మెడ మీది బిళ్ళకో చేరతాయి. ఇది అలా కాదు. ఇది మాయ కణాల నుంచి పుడుతుంది. తల్లి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోవడం మాయకు సహజమైన పని. ఆ పని అదుపు తప్పితే కణాలు నెత్తురులో పడి, గుండె మీదుగా ఊపిరితిత్తులకు చేరతాయి. అక్కడి నుంచి మెదడుకు, కాలేయానికి కూడా పోతాయి. గర్భసంచి జబ్బు ఫిట్స్‌గానో పక్షవాతంగానో బయటపడితే ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు? గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్ళూ లేకపోలేదు.

పిండం ఎదగక, గర్భసంచి నిండా ద్రాక్షగుత్తిలా నీటి తిత్తులు పెరగడాన్ని ముత్యాల గర్భం అంటారు. దాని తరువాత ఈ జబ్బు భయం ఎక్కువ. గర్భస్రావం తరువాత, మామూలు కాన్పు తరువాత కూడా రావచ్చు. కడుపు కడిగించుకుని ఇంటికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలు. గర్భం తెలుసుకోవడానికి మూత్రంలో చూసే హెచ్.సి.జి. హార్మోనే దీనికీ గుర్తు. అది రక్తంలో పూర్తిగా పడిపోయేవరకు వారానికో రెండు వారాలకో, తరువాత కొన్ని నెలలపాటు నెలకోసారి పరీక్ష చేయించాలి. అంతవరకు మళ్ళీ గర్భం రాకూడదు. మనవడి కోసం తొందరపడే అత్తగారికి ఈ మాట డాక్టరు నోటనే చెప్పించడం మేలు.

ఈ జబ్బు మందుకు ఈ ఊరితో సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై పరిశోధన నడిపించారు. ఆ ఆమ్లానికి అడ్డుపడే మందులు ఆయన బృందం చేతుల్లో తయారయ్యాయి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. 1948లో ఆయన కన్నుమూశారు. 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు ఊపిరితిత్తులకు పాకిన కోరియోకార్సినోమాకు ఆ మందు ఇచ్చారు. ఎక్స్‌రేలో మచ్చలు మాయమయ్యాయి. ఒక్క మందుతోనే నయమైన మొదటి గడ్డ క్యాన్సర్ ఇదే. మచ్చలు పోయినా హార్మోను మిగిలి ఉందని లీ మందు ఆపలేదు. అనవసరంగా విషం ఎక్కిస్తున్నాడని పైవాళ్ళు ఆయనను కొలువు నుంచి పంపేశారు. మందు ముందే ఆపినవారికి జబ్బు తిరగబెట్టింది. లీ మాటే నిలిచింది. 1972లో లాస్కర్ బహుమతి పొందినవారిలో ఆయన కూడా ఉన్నారు.

ఇప్పుడు ఊపిరితిత్తులకు పాకినా ఎక్కువమందికి నయమవుతోంది. చాలామందికి గర్భసంచి తీయనక్కరలేదు, తరువాత పిల్లలూ పుడతారు. అయితే దగ్గుకు వెళ్ళినా, తలనొప్పికి వెళ్ళినా, అంతకుముందు కడుపు పోయిన సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే హెచ్.సి.జి. పరీక్ష రాయాలన్న ఆలోచన ఆయనకు రాకపోవచ్చు.